చర్చి తరఫున ఫ్రీ లాయర్: యాక్సిడెంట్ కేసు వాళ్లకి అప్పగించవచ్చా?

గోదారిగట్టు: మా బావగారు తాపీ మేస్త్రీ. సైకిల్ మీద వస్తుంటే ట్రాక్టర్ గుద్ది తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు. పరంజా ఎక్కలేరు. టౌన్ లాయరు వచ్చిన డబ్బులో పాతిక శాతం అడుగుతున్నాడు. మా చర్చిలో లీగల్ ఎయిడ్ చూసే లాయరుగారు పైసా తీసుకోకుండా చేస్తానంటున్నారు. ఎవరికివ్వమంటారు?

నల్లరేగడి: ఫ్రీగా ఎవడూ ఏదీ ఇవ్వడు. ఇవాళ కేసు, రేపు ఆదివారం ప్రార్థనకి రమ్మంటారు.

గోదారిగట్టు: తాతల కాలం నుంచి ప్రార్థనకి వెళ్తూనే ఉన్నామండీ. కొత్తగా రమ్మనేదేముంది?

వకాల్తా: పర్సంటేజీ మాట్లాడుకోవడమే బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అది పక్కన పెట్టండి. ముందు ఎఫ్ఐఆర్, వూండ్ సర్టిఫికెట్ (ఆసుపత్రి ఇచ్చే గాయాల పత్రం), ఎంవీఐ రిపోర్టు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండిని చూసి ఇచ్చేది) చేతికి తెచ్చుకోండి. ఓపీ, అంటే పరిహారం పిటిషన్, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు పెట్టారు. దానిమీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి, కానీ వాటిని నమ్ముకుని కూర్చోకండి. ఇంకోటి, కాలికి ఎంత శాతం వైకల్యం అన్నదానితో లెక్క తేలిపోదు. సంపాదనకి ఎంత గండి పడిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుమస్తాకి విరిగిన కాలూ, మేస్త్రీకి విరిగిన కాలూ ఒకటి కాదు. ఈ మాట వాదించగలిగిన లాయరు కావాలి, ఏ మతమైతే ఏం?

నల్లరేగడి: ప్రభుత్వ ఉచిత లాయరు ఉండగా చర్చి ఎందుకు? అదిగో, మతం మారితే ఎస్సీ కోటా పోతుంది కదా, అందుకు.

గోదారిగట్టు: మేం ఎస్సీలమని మీకెవరు చెప్పారు? చర్చి అనగానే కులం వెతుకుతారేం?

వకాల్తా: క్రైస్తవులకి ఎస్సీ హోదా ఉండదన్న 1950 ఉత్తర్వు సంగతి నిజమే. కానీ 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12లో ఎస్సీలు ఒక వర్గం మాత్రమే. వికలాంగులకీ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకీ ఉంది. మహిళలకైతే ఆదాయం కూడా అడగరు.

నల్లరేగడి: అంటే ఎస్సీ హోదా పోతుందని నేనన్నది కరెక్టేగా. అదొక్కటి ఒప్పుకోండి.

పొలంగట్టు: అందరూ బాధితుడి వైపే. మా తమ్ముడి ట్రాక్టర్ కేసులో డ్రైవరుకి లైసెన్సు లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ ముందు అవతలివాళ్లకి కట్టేసి, తర్వాత మా దగ్గర వసూలుకి దిగింది. అరెకరం అమ్ముకున్నాం. ‘కంపెనీయే ఇస్తుందిలే’ అనేవాళ్లు మా ఇంటికి రండి.

వకాల్తా: లైసెన్సు లేనివాడి చేతికి ట్రాక్టర్ ఇచ్చిందెవరు?

పొలంగట్టు: కోతల సీజన్‌లో మనిషి దొరకడమే గగనం. లైసెన్సులు చూస్తూ కూర్చుంటే పంట ఇంటికొస్తుందా? మీకేం, ఫ్యాన్ కింద కూర్చుని ఎన్నయినా చెప్తారు.

గోదారిగట్టు: పొలంగట్టు గారు అన్నారు కాబట్టి చెప్తున్నా. మమ్మల్ని గుద్దిన డ్రైవరుకీ లైసెన్సు లేదు. ట్రాక్టర్ మా చర్చి సంఘ పెద్దాయనది. కేసు లాగితే ఆయన నష్టపోతాడని, క్షమించమని పాస్టరుగారు అంటున్నారు. 2 లక్షలకి లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తానని చర్చి లాయరుగారు అన్నారు.

వకాల్తా: ఇదా అసలు సంగతి! ఆ లాయరు ఎవరి తరఫు? తప్పు ఎవరిదో నిరూపించకపోయినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద తీవ్రగాయానికి రెండున్నర లక్షలుంది. అంతకంటే తక్కువకి రాజీ ఏంటండీ? లోక్ అదాలత్ అవార్డు అయిపోయాక అప్పీలు కూడా ఉండదు.

నల్లరేగడి: నేను మొదటే చెప్పాను.

గోదారిగట్టు: మీరు చెప్పింది మతమార్పిడి. ఇది వేరు.

రాజ్యలక్ష్మి_ఎం: క్షమించాలా వద్దా అన్నది కాలు విరిగినాయన ఇష్టం కదా. పాస్టరుగారు, లాయరుగారు, మీరు, ఇంతమంది మాట్లాడుతున్నారు. మీ బావగారు, అక్కగారు ఏమంటున్నారు?

గోదారిగట్టు: బావ ఏం మాట్లాడడు. పెద్దాయన దగ్గర ఆయనకి అప్పుంది. అక్క మాత్రం సంతకం పెట్టొద్దంటోంది. అందుకే రెండు ఆదివారాలుగా చర్చికి రావట్లేదు.

పొలంగట్టు: అప్పు మాఫీ చేస్తానన్నాడా పెద్దాయన? అది తేల్చకుండా 2 లక్షలు తక్కువంటే ఎలా?

వకాల్తా: అప్పు వేరు, కేసు వేరు. రెండూ కలపకండి. అక్కగారిని తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదంటే 15100కి ఫోన్ చేయండి. సంతకం అడిగితే అప్పటిదాకా ఆగమనండి.

పొలంగట్టు: కలపకుండా ఊళ్లో ఎవడుంటాడండీ?