నట్టల మందు పోసినా గొర్రెల దవడ కింద నీరు

ప్రశ్న: ఆల్బెండజోల్ తాగించి 12 రోజులైంది. నాలుగు గొర్రెలకు దవడ వాపు తగ్గలేదు. పారుడు లేదు. మందు మార్చాలా?

జవాబు 1: కంటి కింది రెప్ప లోపల చూడండి. తెల్లగా పాలిపోతే రక్తం పీల్చే హీమాంకస్ నట్ట కావచ్చు, దానికి పారుడు ఉండకపోవచ్చు. పెంటికలు నేల మీదవి వద్దు, గొర్రె మలద్వారం నుంచి నేరుగా తీసి వాటిలో నట్టల గుడ్ల లెక్క చేయించండి. మందుకు ముందు లెక్క ఉందా? 10–14 రోజులకు తగ్గుదల 95 శాతం లోపుంటే నట్టలు మందుకు లొంగట్లేదని అనుమానించాలి.

జవాబు 2: మోతాదు సరిపోయిందా? కిలోకు 7.5 మి.గ్రా. సగటు బరువు లెక్కన పోస్తే పెద్దవాటికి చాలదు. తూకం వేయండి, నాలుక వెనక్కి పోయండి.

జవాబు 3: కార్జపు జలగను (కార్జంలో ఉండే చదును పురుగు, లివర్ ఫ్లూక్) మరవద్దు. వాపు అచ్చం ఇలాగే ఉంటుంది, దాని గుడ్లేమో బరువెక్కువ, గుడ్లను తేల్చి చూసే మామూలు పరీక్షలోని ఉప్పునీళ్లలో తేలవు. అడుగున పేరుకున్న మడ్డిని చూసే పరీక్ష విడిగా అడగండి.