వకీలు గారి చరిత్ర కాగితాలు: ఏ వరుసలో సర్దాలి, ఏవి తీసెయ్యొచ్చు?

పానగల్లు పాఠకుడు:
నల్లగొండలో చాలా ఏళ్లు వకాలత్ చేసి, తర్వాత పూర్తిగా జిల్లా చరిత్రకే అంకితమైన ఒక పెద్దాయన కాగితాలు ఆయన కుటుంబం గ్రంథాలయానికి ఇస్తామంటోంది. ఐదు ట్రంకు పెట్టెలు, ఒక బీరువా. పైపైన చూస్తే ఉన్నవి ఇవి: ఎర్రగుడ్డలో కట్టిన ఉర్దూ మిసళ్లు (కేసు కాగితాల కట్టలు), ఇంగ్లిష్ కేసు ఫైళ్లు, శాసనాల ఎస్టాంపేజీలు, అంటే రాతి అక్షరాలను కాగితం మీదికి తీసిన అచ్చులు, అరవై దాకా (సగం చుట్టలు, సగం మడతలు), ముప్పైకి పైగా నోటుపుస్తకాలు, పోస్టుకార్డుల కట్టలు, గుళ్ల ఫొటోల నెగెటివ్‌లు, క్యాసెట్లు పద్దెనిమిది. ఒక పెట్టె అడుగు చెమ్మెక్కి చెదలు పట్టింది.

అనుకున్న పద్ధతి: కోర్టు కాగితాలు వేరుచేసి కుటుంబానికి తిరిగి ఇవ్వడం, చరిత్రవి ఊరివారీగా సర్దడం, తర్వాత స్కానింగు. ఇది సరైనదేనా? ఎస్టాంపేజీలు ఎలా దాచాలి? డబ్బు తక్కువ, మనుషులు ఇద్దరు.

రుమాలు కట్ట:
ఊరివారీగా సర్దడం ఆపండి సార్. కోర్టువి, చరిత్రవి విడదీయడం అంతకన్నా ముందు ఆపండి.

వకీలు చరిత్రలోకి వచ్చేది ఎక్కువగా కేసు దారినే. ఇనాం భూమి తగాదా వస్తుంది. గుడి పూజారి తరఫున ముంతఖబ్ (ఇనాం నిర్ధారణ పత్రం) నకలు తీయిస్తాడు. అందులో మాన్యం ఫలానా చెరువు కింద అని ఉంటుంది. ఆ చెరువు పేరు గుడి ముందున్న రాతి మీదా కనిపిస్తుంది. రాతి పాఠం రాసుకున్న కాగితం ఆ మిసల్లోనే, సేత్వార్ (సర్వే నంబర్ల పట్టిక) నకలుకు, టౌంచ్ మ్యాపుకు (భూమి కొలతల పటానికి) మధ్యలో ఉండిపోతుంది. మీరు ఆ పాఠాన్ని తీసి ‘శాసనాలు’ అనే డబ్బాలో పెడితే శాసనం మిగులుతుంది కానీ ఆ చెరువు ఏ సర్వే నంబరో చెప్పే ఆధారం పోతుంది. శాసనాల పాఠాలు అచ్చు సంపుటాల్లో చాలావరకు దొరుకుతాయి. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లోనే తెలంగాణ శాసనాలు అచ్చువేసింది. శాసనాన్ని భూమి రికార్డుతో కలిపి చూసిన పని మాత్రం ఈయన కట్టల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

కాబట్టి మొదటి పని సర్దడం కాదు, ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం. పెట్టె మూత తీయగానే పైనుంచి ఫొటో. ప్రతి పొర తీసేముందు ఇంకొక ఫొటో. పెట్టెకు నంబరు, కట్టకు నంబరు, కట్టలో కాగితానికి నంబరు: మూడో పెట్టె పన్నెండో కట్ట అయితే 3/12. నంబరు మెత్తటి పెన్సిలుతో వెనుక కింది మూలన, పెన్ను వద్దు. జాబితాలో ఆరు గడులు చాలు: నంబరు, కట్టపై ఆయనే రాసిన పేరు (ఉన్నదున్నట్టు, అక్షరదోషాలతో సహా), భాష, తేదీ, ఊళ్లు, పరిస్థితి. అంగుళం మందం కట్టలో పాత కాగితాలు సుమారు 200 ఉంటాయి, దాన్నిబట్టి పని ఎంతో లెక్కవేసుకోండి. ఊరివారీ వరుస కావాలంటే అది కంప్యూటరు జాబితాలో ఒక్క నొక్కుతో వస్తుంది, కాగితాలను కదపనక్కర్లేదు.

ఫైళ్ల వీపున డాకెట్ చూడండి. వకీళ్లకు మడిచిన కాగితం వీపున నంబరు, పక్షాలు, సంవత్సరం రాసే అలవాటు. చరిత్ర నోట్సుకూ చాలామంది అదే పద్ధతి వాడతారు. మడత పూర్తిగా విప్పి ఫైల్లో పెట్టేస్తే డాకెట్ వెనక్కి పోయి ఎవరికీ కనపడదు. దాన్ని వేరే ఫొటో తీయండి.

గుండుసూదులు, ఇనుప క్లిప్పులు తీయాలి, కానీ లాగొద్దు. తుప్పు కాగితానికి అంటుకుని ఉంటుంది. రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి క్లిప్పును పైకి వదులు చేయండి. తీసిన చోట నూలు దారం చాలు. సెల్లోటేపు ఊడి ఉంటే తీసేయండి, అంటుకుని ఉంటే ముట్టుకోవద్దు. కాపీయింగు పెన్సిలు రాతల దగ్గర మరీ జాగ్రత్త: మామూలు పెన్సిల్లాగే కనిపిస్తుంది, తడి వేలు తగిలితే ఊదారంగులోకి పారిపోతుంది. తడిగుడ్డతో దుమ్ము తుడవడం అందుకే వద్దు, పొడి మెత్తని కుంచె ఒక్కటే. పాత జిరాక్సులను ప్లాస్టిక్ కవర్లలో ఉంచితే నల్ల పొడి కవరుకు అంటుకుని అక్షరాలు అటే పోతాయి. ముందు వాటిని బయటికి తీయండి.

చెమ్మెక్కిన పెట్టెను ఇవాళే మిగతావాటికి దూరంగా వేరే గదిలో పెట్టండి. ఎండలో ఆరబెట్టొద్దు, కాగితం వంకరపోతుంది, సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా, కట్టల మధ్య తెల్ల బ్లాటింగు కాగితం పెట్టి, అది చెమ్మ పీల్చినప్పుడల్లా మార్చుతూ ఉండాలి. చెదల మట్టి పూర్తిగా ఆరాకే రాలుతుంది, తడి మీద గీకితే కాగితమే లేస్తుంది.

శాసనాల సంగతి:
అన్నా, ఎస్టాంపేజీల ముచ్చట నేను చెప్త. ముందుగాల ఒక్కటి: ఇస్త్రీ చెయ్యకుండ్రి, లామినేషన్ అసలుకే వద్దు. మడత పోవాలని బరువు పెట్టుడు కూడ తప్పే.

ఎందుకంటే అది వట్టి సిరా బొమ్మ కాదు. తడి కాగితాన్ని రాయి మీద పరిచి కుచ్చు బ్రష్షుతోని కొడ్తరు, కాగితం అక్షరం గుంతలకు దిగుతది. కొంచెం ఆరినంక మసి అద్దుతరు. మసి రాతి పైభాగానికే అంటుతది, అక్షరం తెల్లగ మిగుల్తది. రాయి అరిగిన కాడ మసిలో అక్షరం కానరాదు గని కాగితంల చిన్న గుంత మాత్రం ఉంటది. ఇస్త్రీ చేస్తే పొయ్యేది గా గుంతే. పండితుడు ‘ఇక్కడ రెండక్షరాలు పోయినవి’ అని చుక్కలు పెట్టిన కాడ మళ్ల చదివే ఆశ ఉన్నది గా గుంతలనే.

అందుకే ఫొటో మూడుసార్లు తీయాలె. ఒకటి రెండు దిక్కుల నుంచి సమానమైన వెలుగుల. రెండోది గది చీకటి చేసి, ఒక్క లైటు పక్కకెల్లి, కాగితానికి ఇరవై డిగ్రీలు దాటకుండ, గుంతలకు నీడ పడేటట్టు. మూడోది వెనుక దిక్కు. వెనుక అక్షరం ఉబ్బి ఉంటది, కుడి ఎడమలు తారుమారైతయి గని అద్దంల తిప్పినట్టు కంప్యూటర్ల తిప్పుకుంటే చానసార్లు ముందరికన్న మంచిగ చదవొస్తది. ప్రతి ఫొటోల స్కేలు బద్ద ఉండాలె.

కొలత సంగతి గూడ చూస్కోండ్రి. 12 మెగాపిక్సెల్ ఫోనుతోని నాలుగడుగుల కాగితాన్ని ఒక్క ఫొటోల పట్టిస్తే అంగుళానికి 83 చుక్కలే వస్తయి, పనికిరాదు. ముక్కలు ముక్కలుగ, ఒకదాని మీద ఒకటి మూడో వంతు ఎక్కేటట్టు తీసి కలుపుకోవాలె. ఫోన్ల డాక్యుమెంట్ స్కానర్ యాప్ మాత్రం వాడకుండ్రి. అది వెనుక భాగాన్ని తెల్లగ చేస్త అని మూలకు పెన్సిల్‌తోని రాసిన ఊరు పేరును కూడ ఊడ్చేస్తది. ఊరు, రాయి ఉన్న చోటు, తేదీ రాసిన గా మూల పోతే అచ్చు అనాథ అయితది.

దాచుడు: నాలుగంగుళాల పైపుకు ముందు పాలియెస్టర్ ఫిల్ము, దాని మీద గంజి పొయ్యేదాక ఉతికి ఆరేసిన నూలు గుడ్డ చుట్టి, దాని పైకెల్లి ఎస్టాంపేజీని వదులుగ చుట్టాలె. పైపు లోపలికి దూర్చొద్దు, తీసేటప్పుడు అంచు చిరుగుతది. ఒక పైపు మీద నాలుగైదుకు మించొద్దు, నడుమ పల్చటి టిష్యూ. మడతలల్ల ఉన్నయి ఒక్కసారి విప్పకుండ్రి, మడత కాడ కాగితం ఎండి బిస్కెట్ లెక్క ఉంటది. ఒక్కో మడత విప్పి ఒక దినం విడువుండ్రి.

ఇగ ఏది ముందుగాల? నీళ్లల్ల మునిగిన ఊర్లయి. నాగార్జునసాగర్ కింద ఏలేశ్వరం, శ్రీశైలం జలాశయం కింద కొల్లాపురం, అలంపురం దిక్కు కృష్ణ ఒడ్డు ఊర్లు. కూడవెల్లి సంగమేశ్వరాలయం లెక్క కొన్ని గుళ్లను విప్పి అలంపురంల మళ్ల కట్టిండ్రు. చేన్ల గట్టు మీద, ఊరి బొడ్రాయి పక్కన పడి ఉన్న రాళ్లన్నీ అట్ల పైకి రాలే. గసొంటి రాయి అచ్చు ఒక్కటి ఉన్నా ఆ పెట్టె ఇలువ వేరు. పిల్లలమర్రిది, పానగల్లుది అయితే రాయి ఉన్నది, రేపైనా మళ్ల తీసుకోవచ్చు.

పానగల్లు పాఠకుడు:
చాలా స్పష్టంగా చెప్పారు, పద్ధతి మార్చుకుంటున్నాం. ఇంకో చిక్కు ఉంది. మిసళ్ల మీద 1339, 1357 అని సంవత్సరాలు, ‘బహమన్’, ‘ఆబాన్’ లాంటి నెలలు ఉన్నాయి. అన్నిటికీ 590 కలిపి రాసేయవచ్చా? రూపాయల పక్కన ఓ.ఎస్., బి.జి. అనీ ఉంది. కలరా ఉండలు వేయవచ్చా?

ఆజర్ ఒకటో తారీఖు:
అన్నిటికీ 590 కలిపితే మూడొంతులు తప్పు వస్తుంది. నిజాం రాజ్యంలో శిస్తు లెక్కలకు వాడిన ఫస్లీ సంవత్సరం ఆజర్ 1న, అంటే అక్టోబరు 6 ప్రాంతంలో మొదలయ్యేది. వరుస: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, ఉర్దిబెహిస్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఆజర్, దై నెలలకు, బహమన్‌లో ఎక్కువ భాగానికి 590 కలపాలి. బహమన్ చివర్లో ఇంగ్లిష్ సంవత్సరం మారుతుంది, అక్కడినుంచి ఆబాన్ దాకా 591. కాబట్టి 15 బహమన్ 1339 అంటే 1929 డిసెంబరు, అదే 1339 ఆబాన్ అంటే 1930. సరిచూసుకోవడానికి ఒక గుర్తు: జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌ది 1358 ఫస్లీ, 1949 ఆగస్టులో వచ్చింది. 1358కి 591 కలిపి చూడండి.

అసలు ప్రమాదం హిజ్రీతో. ఫర్మానాల మీద, ఖాజీ కాగితాల మీద హిజ్రీ ఉంటుంది, అంకెలేమో ఒకేలా కనిపిస్తాయి. 1357 ఫస్లీ అయితే 1947–48. 1357 హిజ్రీ అయితే 1938లో మొదలైన ఏడు. నెల పేరు మొహర్రం, రంజాన్ లాంటిదైతే హిజ్రీ, పైన చెప్పిన పన్నెండులో ఒకటైతే ఫస్లీ. హుజూర్‌నగర్, కోదాడ వైపు కేసుల్లో కృష్ణా జిల్లా కాగితాలు కలిస్తే ఇంకో మెలిక: మద్రాసు ఫస్లీకి ఏడు జులై 1న మారుతుంది. జాబితాలో తేదీకి ఎప్పుడూ రెండు గడులు పెట్టండి, ఒకటి కాగితం మీద ఉన్న తేదీ, రెండోది మీరు లెక్కగట్టింది. రెండోదే ఉంచి మొదటిది వదిలేస్తే తప్పు ఎక్కడ జరిగిందో ఇక పట్టుకోలేరు.

శాసనం నోట్సులో శకానికి 78 కలుపుతారు, పక్కనున్న ప్రభవాది నామంతో సరిచూడాలి. ౨, ౩ చేతిరాతలో ఒకేలా ఉంటాయి. ౧౧౨౦ అని చదివి పక్కన ‘విభవ’ కనిపిస్తే ఆగండి. శక 1120 కాళయుక్తి, విభవ వచ్చేది 1130లో. అది చదవడంలో పొరపాటు, రాయిది కాదు.

ఓ.ఎస్. హైదరాబాదు సిక్కా రూపాయి, జనం హాలీ అనేవారు. బి.జి. బ్రిటిషు రూపాయి. ఏడు హాలీలకు ఆరు బి.జి. రూపాయలు. శిస్తు లెక్కలు నోట్సులో కాస్త తేడాగా ఉంటే కూడికలో తప్పు వెతికేముందు ఇది చూడండి.

ఊరి చిరునామా కూడా రెండుసార్లు రాయాలి. 1956 దాకా గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లావి. ‘రాయచూరు’ అని రాసిన కట్టను కన్నడ దేశానిదని పక్కన పెట్టేస్తే గద్వాల సంస్థానం కాగితాలే పక్కకు పోతాయి. 2016లో సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి వేరే జిల్లాలయ్యాయి, నారాయణపేట 2019లో. అప్పటి తాలూకా, ఇప్పటి మండలం రెండూ ఉండాలి. ఒకే పేరున్న ఊళ్లు పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కుప్పలు.

కలరా ఉండలు వద్దు. ఆ గదిలో పనిచేసేవాళ్ల ఊపిరికి చేటు, నెగెటివ్‌లకూ మంచిది కాదు. ఎండిన వస కొమ్ములు గుడ్డలో కట్టి పెట్టే పాత పద్ధతి పురుగును కొంత దూరంగా ఉంచుతుంది కానీ ఉన్న పురుగును చంపదు. ఉన్నదాన్ని చంపాలంటే కట్టను పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, సున్నా కింద 18 డిగ్రీలు, రెండు వారాలు డీప్‌ఫ్రీజర్‌లో ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే కాగితం మీద నీరు పడుతుంది. తడిసిన కట్టలకు, నెగెటివ్‌లకు ఈ పద్ధతి వాడొద్దు. నెగెటివ్‌ల డబ్బా మూత తీయగానే పుల్లని వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లుతున్నట్టే. వాటిని మిగతావాటికి దూరంగా పెట్టి, ముందు వాటినే స్కాన్ చేయించండి.

హాజరు వకీలు:
కోర్టు కాగితాల మీద ఒక మాట. విడదీయొద్దన్నది నిజమే, అలాగని అందరికీ తెరిచి పెట్టడమూ కుదరదు. కక్షిదారు వకీలుకు చెప్పుకున్నది గోప్యం. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టంలో 126), వకాలత్ ముగిశాక కూడా ఆ బాధ్యత పోదంటుంది. కోర్టులో దాఖలైన దావా, జవాబు, తీర్పు నకళ్లు బహిరంగమే. కక్షిదారు ఉత్తరాలు, వకీలు రాసుకున్న విచారణ నోట్సు బహిరంగం కావు. అవి ఉన్న కట్టలోనే, అదే స్థానంలో, కవరులో పెట్టి సీలు వేయండి. జాబితాలో ‘కక్షిదారు ఉత్తరాలు, 14, మూసినవి’ అని రాస్తే చాలు. భార్యాభర్తల తగాదాలు, మైనర్లవి, అత్యాచారం కేసులు అయితే పేర్లు జాబితాలోకీ ఎక్కకూడదు.

కక్షిదారులవి అసలు పత్రాలు, అంటే పట్టా, సనదు, రిజిస్టరు దస్తావేజు ఉంటే అవి వకీలువి కావు, కుటుంబం దానం చేయలేదు. వేరే జాబితా రాసి, వారసులు అడిగితే ఫొటో తీసుకుని రసీదు మీద ఇచ్చేయాలి. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన చోటునుంచి వస్తేనే కోర్టు దాన్ని నిజమైనదిగా భావించడానికి వీలుంటుంది. అందుకే ఏ పెట్టె, ఏ కట్టలో దొరికిందన్న మీ నంబరు రేపు ఎవరో రైతుకూ అక్కరకొస్తుంది.

కుటుంబంతో రాతపూర్వక ఒప్పందం వారసులందరి సంతకాలతో చేసుకోండి. కాగితం ఇవ్వడం వేరు, కాపీహక్కు ఇవ్వడం వేరు. అచ్చయిన రచనల మీద హక్కు ఆయన మరణం తర్వాత 60 ఏళ్లు వారసులదే. ఆయనకు ఇతరులు రాసిన ఉత్తరాల మీద కాపీహక్కు రాసినవాళ్లది, ఆ కుటుంబం దాన్ని ఇవ్వలేదు. రాగిరేకులు, నాణేలు బయటపడితే జాబితా చేసేలోపే పురావస్తుశాఖకు తెలియజేయండి. 1972 చట్టం కింద నూరేళ్లు దాటిన వస్తువులు, 75 ఏళ్లు దాటిన చారిత్రక రాతప్రతులు ప్రాచీన వస్తువుల లెక్కలోకి వస్తాయి.

రుమాలు కట్ట:
స్కానింగు తొందర గురించి ఒక్క మాట. జాబితా లేకుండా పదివేల ఫొటోలు తీస్తే రెండో పెట్టె తయారైనట్టే, ఈసారి హార్డుడిస్కులో. కట్టకు నంబరు పడ్డాకే ఫొటో. ఫుల్‌స్కేపు కాగితం పొడవు 13 అంగుళాలు, 12 మెగాపిక్సెల్ కెమెరా దాన్ని నిండుగా పట్టిస్తే అంగుళానికి 300 చుక్కలు వస్తాయి, స్కానరు కొననక్కర్లేదు. డబ్బు స్టాండుకు, రెండు లైట్లకు, డిస్కులకు పెట్టండి. పేజీకి 36 ఎంబీ టిఫ్ (కుదించని ఫొటో ఫైలు) అనుకుంటే పదివేల పేజీలకు 360 జీబీ. మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో.

క్యాసెట్లు వినాలనిపించినా ముందు ఆడించొద్దు. వెనుక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, పొరపాటున రికార్డు బటను నొక్కినా చెరగదు. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, మొదటిసారి ఆడించేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించండి. డబ్బా లోపలి చీటీ మీద పేరు లేకపోతే అదే నెల నోటుపుస్తకం తీయండి. ఎవరితో మాట్లాడారో, ఏ ఊరికి ఏ బస్సులో వెళ్లారో అందులో ఉండే అవకాశం ఎక్కువ.