మాంత్రిక నవలల్లో మాయకు హద్దు ఉండాలా?

కావలి పాఠకుడు:
ఈ వేసవిలో వరుసగా పట్టుకున్న నాలుగు మాంత్రిక నవలల్లో మూడింటిని సగంలోనే పక్కన పెట్టవలసి వచ్చింది. భాషలో లోపమేమీ లేదు. కథానాయకుడు ఏ చిక్కులో పడినా, అంతవరకు మనం విననైనా వినని కొత్త మంత్రమొకటి సరిగ్గా ఆ క్షణానికే అతనికి గుర్తుకు వస్తుంది. 150వ పేజీ దాటేసరికి అతనికేమవుతుందోనన్న భయం నాకు పోయింది, దానితోపాటే ఆసక్తీ పోయింది. మాయ ఎక్కడ పనిచేయదో రచయిత మొదట్లోనే చెప్పి తీరాలని నా వాదన.

ఒంగోలు టీచరు:
మీ విసుగు అర్థమైంది గానీ మీ షరతు నాకు సమ్మతం కాదు. ఏ మంత్రానికి ఎంత శక్తి ఖర్చవుతుందో, అది ఎన్ని గడియలు నిలుస్తుందో పట్టిక వేసినట్టు వివరించే నవలలు చదువుతుంటే, పిల్లల భౌతికశాస్త్రం నోట్సులు దిద్దుతున్నట్టే ఉంటుంది (ఆ పని నాకు బడిలో ఎటూ తప్పదు). మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతలి చిలుకలోకి ఎలా చేరిందని బాలనాగమ్మ కథ వింటూ ఎవరైనా అడిగారా? మా అవ్వ చెప్పినప్పుడు నేనైతే అడగలేదు.

కావలి పాఠకుడు:
టీచరు గారూ, మీ ఉదాహరణ నా పక్షానే సాక్ష్యం చెబుతోంది. ప్రాణం చిలుకలోకి ఎలా వెళ్లిందో కథ చెప్పదు, నిజమే. చిలుక చస్తే మరాఠీ చస్తాడన్న సంగతి మాత్రం ముందే మన చెవిన వేస్తుంది. అందుకే బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు చేతికి చిలుక చిక్కగానే, ఇక ఏ మంత్రమూ మరాఠీని కాపాడలేదని వినేవాడికి తెలిసిపోతుంది. వివరణ వేరు, హద్దు వేరు. నేను అడిగేది రెండోదే.

నెల్లూరు వాసి:
మీ ఇద్దరూ మూల్యం సంగతి ఎత్తలేదు. మా ఊళ్లో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగలో చదువు రొట్టెనో ఉద్యోగ రొట్టెనో పుచ్చుకున్నవారు, కోరిక తీరాక మళ్లీ వచ్చి అదే రకం రొట్టెను మరొకరి చేతిలో పెట్టాలి. అది భక్తికి సంబంధించినది, దాన్ని మాయతో కలపడం నా ఉద్దేశం కాదు. కోరిక తీరడంతోనే లెక్క ముగియదన్న ఊహ మన జనానికి ఎంత సహజమో చెప్పడానికే ప్రస్తావించాను. 16వ శతాబ్దపు కవి పింగళి సూరన సైతం కళాపూర్ణోదయం కావ్యంలో కలభాషిణి అనే యువతికి రంభ రూపం దక్కేలా చేసి ఊరుకోక, అసలు రంభను ఎదురుగా తెచ్చి నిలబెట్టి, నేనంటే నేనని ఇద్దరినీ వాదులాడించాడు. మీరు పక్కన పెట్టిన నవలల్లో మంత్రం వాడినందుకు కథానాయకుడు ఏమైనా పోగొట్టుకున్నాడా?

కావలి పాఠకుడు:
మూడింటిలోనూ ఏమీ పోగొట్టుకోలేదు. చివరిదాకా చదివిన నాలుగోదానిలో మాత్రం మంత్రం వేసిన ప్రతిసారీ ఆ అమ్మాయికి ఒక జ్ఞాపకం చెరిగిపోతుంది, ఊరిని కాపాడి ఇల్లు చేరాక, గుమ్మంలో ఎదురైన తల్లిని “ఎవరమ్మా మీరు?” అని అడుగుతుంది. నేను హద్దు అన్నదాన్ని మీరు మూల్యమంటే ఒప్పుకుంటాను, కానీ మొదటి జ్ఞాపకం మొదటి అధ్యాయంలోనే పోయిందని గమనించండి.

ఒంగోలు టీచరు:
జ్ఞాపకమే ఎందుకు చెరిగిపోవాలో ఆ రచయిత వివరించారా?

కావలి పాఠకుడు:
ఎక్కడా వివరించలేదు.

ఒంగోలు టీచరు:
అయితే ఆ పుస్తకం నాకు పంపండి, చదువుతాను.