క్లోరిన్ కలిపిన నీటిలో ట్రైహాలోమీథేన్లు: ఎంతవరకు భయపడాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక గృహిణి):
వర్షాకాలంలో కృష్ణకు ఎర్రనీరు వచ్చినప్పుడల్లా మా కుళాయి నీటికి క్లోరిన్ వాసన పెరుగుతోంది. క్లోరిన్ వల్ల ట్రైహాలోమీథేన్లనే పదార్థాలు పుడతాయని, అవి క్యాన్సరుకు దారితీయవచ్చని చదివాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కనుక కుళాయి నీరు మాని బోరు నీరు తాగుదామని మావారు అంటున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (నీటిశుద్ధి కేంద్రంలో పనిచేసిన కెమిస్టు):
అమ్మా, మీరు చదివింది నిజమే. ఆకులు, నాచు కుళ్ళి నీటిలో కరిగిన సేంద్రియ పదార్థంతో క్లోరిన్ చర్య జరిపినప్పుడు క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు ఏర్పడతాయి. 1974లో నెదర్లాండ్స్ రసాయనవేత్త రూక్ ఈ సంగతి వెల్లడించాక, అమెరికా 1979లో మొత్తం ట్రైహాలోమీథేన్లకు లీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు పెట్టి, తరువాత దాన్ని 80కి తగ్గించింది. మన దేశపు తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల (అంటే 200 మైక్రోగ్రాముల) హద్దు విధించింది. ఇటువంటి నీటిని దశాబ్దాల పాటు తాగినవారిలో మూత్రాశయ క్యాన్సరు కొంత ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి గాని, అదే కారణమని తేలలేదు.

మీరు గమనించిన వాసన మాత్రం నీటిలో మిగిలిన క్లోరిన్‌ది. దాన్నిబట్టి ట్రైహాలోమీథేన్లు ఎంత ఉన్నాయో చెప్పలేము. వాటిని తగ్గించే సరైన చోటు శుద్ధి కేంద్రమే. పటికతో బురదను, దానితోపాటు సేంద్రియ పదార్థాన్ని ముందే దించి, ఆ తరువాత క్లోరిన్ కలిపితే అవి తక్కువగా పుడతాయి. పురపాలక సంఘాన్ని ఈ పరీక్షల ఫలితాలు అడగడం మన హక్కని నా అభిప్రాయం.

జవాబు (పిల్లల వైద్యురాలు):
పరీక్ష చేయించని, క్లోరిన్ కలపని బోరు నీటికి మారవద్దని గట్టిగా కోరుతున్నాను. కలరా, టైఫాయిడ్, నీటి ద్వారా వచ్చే కామెర్లు పిల్లలను రోజుల్లోనే ప్రమాదంలో పడేస్తాయి. క్లోరిన్ చర్యతో పుట్టే ఇలాంటి ఉపఉత్పన్నాల భయంతో క్రిమిసంహారాన్ని తగ్గించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా చెబుతోంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఇంట్లో ఉన్న ఆర్వో యంత్రం సరిపోతుందా అండీ?

జవాబు (కెమిస్టు):
క్లోరోఫాంను ప్రధానంగా పట్టేది అందులోని కార్బన్ ఫిల్టరే కనుక దాన్ని గడువులోగా మార్చండి. అది క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది కాబట్టి వడపోసిన నీటిని శుభ్రమైన మూత పాత్రలో ఉంచి, నిల్వ చేయకుండా ఆ రోజే వాడండి. ఫిల్టరు లేనివారు మూత తీసి కాసేపు మరిగిస్తే ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఆవిరైపోతాయి; హాలోఎసిటిక్ ఆమ్లాలు మాత్రం అలా పోవు.