అప్‌డేట్: 1924 షమోనీ పోటీలకు ఒలింపిక్స్ హోదా ఎప్పుడు వచ్చింది?

ఫ్రాన్సులోని షమోనీలో 1924లో జరిగిన పోటీలు మొదటి నుంచీ శీతాకాల ఒలింపిక్స్ పేరుతోనే జరిగాయా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించిన దారిలో చదివాక విషయం స్పష్టమైంది.

జనవరి 25 నుంచి ఫిబ్రవరి 5 వరకు సాగిన ఆ పోటీలను అప్పట్లో అంతర్జాతీయ శీతాకాల క్రీడా వారంగానే పిలిచారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వాటిని తొలి శీతాకాల ఒలింపిక్స్‌గా గుర్తించింది అవి ముగిసిన తర్వాతే. స్వీడన్‌లో క్రీడా నిర్వాహకుడు విక్టర్ బాల్క్ చొరవతో 1901లోనే నార్డిక్ క్రీడలు అనే శీతాకాల పోటీలు మొదలై ఉండటం వల్ల, వాటి ప్రాధాన్యం తగ్గుతుందన్న భయంతో స్వీడన్, నార్వే వంటి స్కాండినేవియా దేశాలు విడిగా శీతాకాల ఒలింపిక్స్ నిర్వహించడాన్ని చాలాకాలం వ్యతిరేకించాయి. ఒలింపిక్ అనే పేరు లేకుండా షమోనీ పోటీలు జరపడం ఆ అభ్యంతరాల మధ్య కుదిరిన రాజీ అని నాకు అనిపిస్తోంది.

నన్ను అన్నిటికన్నా కదిలించినది స్కీ జంపింగ్ (కాళ్లకు స్కీలు కట్టుకుని మంచు వాలు మీది నుంచి గాల్లోకి దూకే పోటీ) ఫలితం. నార్వే క్రీడాకారుడు థోర్లీఫ్ హౌగ్‌కు మూడో స్థానం ఇచ్చారు. అయితే మార్కుల కూడికలో పొరపాటు జరిగిందని ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడటంతో, నార్వేలో పుట్టి అమెరికా తరఫున పోటీపడిన ఆండర్స్ హౌగెన్‌కు 1974లో ఆ కాంస్య పతకం దక్కింది. దాన్ని ఆయనకు అందజేసింది హౌగ్ కుమార్తే. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది.

నార్డిక్ క్రీడలు 1926 తర్వాత ఎందుకు ఆగిపోయాయో తెలిసినవారు వివరించగలరు.