స్టార్‌లింక్ డిష్‌ని కిందనుంచి పట్టుకోవచ్చా లేదా?

చిట్టిబాబు: 2025 జూన్‌లో ఇరాన్‌లో నెట్ కట్ చేసినప్పుడు చాలామంది స్టార్‌లింక్, అదే డిష్ పెట్టుకుని శాటిలైట్ నుంచి నేరుగా తీసుకునే నెట్, వాడారు కదా, వాళ్ళ పార్లమెంటు అది వాడటమే నేరమని బిల్లు కూడా పాస్ చేసింది. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన, వ్యాన్‌లో తిరుగుతూ ఏ మేడ మీద డిష్ ఉందో చెప్పేస్తారు అంటాడు. నేను నమ్మను. డిష్ నుంచి సన్నటి బీమ్, 550 కిలోమీటర్ల పైనున్న శాటిలైట్ వైపు పోతది, రోడ్డు మీదున్నోడికి ఏం తగులుద్ది?

ఫ్రిస్కో బావ: తగులుద్ది బ్రో, నేనే చూశా. మా బావ ఇంట్లో స్టార్‌లింక్ ఉంది, ఓ ఎల్ఎన్‌బీ (టీవీ డిష్ ముందు ఉండే సిగ్నల్ పట్టే డబ్బా) కొని, డిష్ లేకుండా ఉత్తి ఎల్ఎన్‌బీనే ఆకాశం వైపు పెట్టి, ఆర్‌టీఎల్ డాంగిల్‌కి (కంప్యూటర్‌లో రేడియో సిగ్నల్స్ చూపించే యూఎస్‌బీ ముక్క) తగిలిస్తే 11.325 గిగాహెర్ట్జ్ దగ్గర సన్నటి గీతలు, డాప్లర్‌కి, అంటే పంపేది కదులుతుంటే ఫ్రీక్వెన్సీ మారడం వల్ల, మెల్లగా పక్కకి జరుగుతూ కనపడ్డాయి.

హార్న్ యాంటెన్నా: అవి శాటిలైట్‌వి సామీ. కిందకి దిగేది 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జ్. డిష్ పైకి పంపేది 14 నుంచి 14.5, అక్కడ నీ ఎల్ఎన్‌బీకి చెవుడు. డిష్ ప్లగ్ పీకి చూడు.

ఫ్రిస్కో బావ: పీకా. గీతలు అలాగే ఉన్నాయి 😭 బావ మ్యాచ్ మధ్యలో నెట్ పోయిందని తిట్లు వేరే.

చిట్టిబాబు: నేను చెప్పలా!

హార్న్ యాంటెన్నా: నువ్వూ ఆగు. ఏ యాంటెన్నా అయినా పక్కలకి కొంచెం కారుతుంది, సైడ్‌లోబ్స్ అంటారు. అసలు బీమ్‌లో వెయ్యో వంతే అనుకో. కానీ శాటిలైట్ 550 కిలోమీటర్ల దూరం, నువ్వు 550 మీటర్లు, దూరం వెయ్యో వంతయితే అందే బలం పది లక్షల రెట్లు, కారేది వెయ్యో వంతే అని లెక్కేసినా ఇంకా వెయ్యి రెట్లు నీకే ఎక్కువ. కాకపోతే మేడ పిట్టగోడ అడ్డొస్తే 14 గిగాహెర్ట్జ్ అక్కడే చచ్చిపోద్ది. అందుకే వ్యాన్ అంటే డౌటే, డ్రోన్ అంటే నమ్ముతా.

వరంగల్ పిల్లగాడు: గింత లెక్క ఎందుకన్నా, రౌటర్ వైఫై పేరే డిఫాల్ట్‌గ స్టార్‌లింక్ అని ఉంటది, ఒక్కోసారి స్టింకీ అని. ఫోన్ పట్కొని గల్లీల నడిస్తే సాలు. పేరు మార్చినా మ్యాక్ అడ్రస్, గదే రౌటర్‌కు కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు, పట్టిస్తది.

చిట్టిబాబు: వైఫై ఆపి కేబుల్ పెడితే?

హార్న్ యాంటెన్నా: అప్పుడు మళ్ళీ నా సైడ్‌లోబ్స్ దగ్గరికే రావాలి. ఫ్రిస్కో, నేను మీ పక్కూరు ప్లేనోలోనే ఉంటా, శనివారం 14 గిగా సెటప్ తెస్తా. మ్యాచ్ లేని టైమ్ చెప్పు.