కొత్త సెల్లులు వేసినా టీవీ రిమోట్ పనిచేయడం లేదు

మిర్యాలగూడ నుంచి: అమ్మకు మోకాళ్ల నొప్పులు, లేచి టీవీ దాకా పోలేదు. రిమోట్ లేకపోతే ఆమెకు పొద్దుపోదు. సెల్లులు మార్చినా ఉలుకూ పలుకూ లేదు. స్ప్రింగు మీద తెల్లపొడి ఉంది. కొత్తది కొనాలా అన్నా?

నల్గొండ నుంచి: ఆగు తమ్మీ. ఫోన్ కెమెరా ముందు రిమోట్ పట్టి బటన్ నొక్కు. ఊదారంగు వెలుగు మెరిస్తే రిమోట్ మంచిదే, టీవీలో రిమోట్ సిగ్నల్ అందుకునే సెన్సార్‌ను మెకానిక్‌కు చూపించాలి. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని రిమోట్ వెలుగు)ను అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది, సెల్ఫీ కెమెరాతో చూడు.

దేవరకొండ నుంచి: ఆ పొడి సెల్లు కారిన గుర్తు, చేత్తో ముట్టకండి. సెల్లులు తీసి, పాత బ్రష్‌తో దులిపి, స్ప్రింగు మెరిసేదాకా గీకండి.

మిర్యాలగూడ నుంచి: గీకాక వెలుగొచ్చింది, టీవీ ఆన్ అయింది! వాల్యూమ్ బటన్ మాత్రం గట్టిగా నొక్కాల్సి వస్తోంది.

నల్గొండ నుంచి: రబ్బరు బటన్ కింద నల్లటి కార్బన్ చుక్కకు జిడ్డు పట్టింది. రిమోట్ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడువు, గీకితే చుక్క ఊడుతుంది. పూర్తిగా ఆరాకే బిగించు.